మీకు తెలుసా? స్లాబు కంట పడితే సెగ తప్పదు

◆ వేడిగాలి పైకి పోతుందని బడిపిల్లలకు కూడా తెలుసు. మరి మే నెల రాత్రి రాజమహేంద్రవరంలో డాబా ఇంట్లో పడుకున్నవాడి మీదికి పైనుంచి సెగ ఎలా దిగుతోంది? స్లాబును ఆనుకున్న గాలి వేడెక్కి స్లాబు కిందే ఉండిపోతుంది, కిందికి రాదు. వచ్చేది వికిరణం. గాలితో పని లేకుండా, కంటికి కనపడని పరారుణ కిరణాలుగా, స్లాబు నుంచి నేరుగా మంచం మీదికి, నేల మీదికి, ఒంటి మీదికి దిగుతుంది.

భవనంలో ఏ గంటకు ఎంత వేడి ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాములున్నాయి. వాటిలో బాగా పేరున్నది ఎనర్జీప్లస్. అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసింది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అందులోని సాదా పద్ధతి ప్రకారం వేడెక్కిన పైకప్పు నుంచి కింది గాలికి చేరేది, ఒక డిగ్రీ తేడాకు, చదరపు మీటరుకు 0.948 వాట్లు. 35 డిగ్రీల దగ్గర అదే పైకప్పు వికిరణంతో ఇచ్చేది దాదాపు 6 వాట్లు. అంటే ఫ్యాను ఆపిన గదిలో పైకప్పు సెగ ఏడు పాళ్లయితే అందులో ఆరు పాళ్లు గాలిని ముట్టుకోకుండానే దిగుతున్నాయి. ఫ్యాను వేస్తే మిగిలిన ఆ ఒక్క పాలూ పెరుగుతుంది, స్లాబు కింద పేరుకున్న వేడిగాలి కూడా కిందికొస్తుంది. 'ఫ్యాను వేడిగాలి కొడుతోంది' అని విసుక్కునేది అందుకే.

◆ భోగి మంట ముందు నిలబడితే ముఖం కాలుతుంది, వీపు వణుకుతుంది. ముఖానికీ వీపుకూ చుట్టూ ఉన్నది ఒకే గాలి. తేడా అంతా ఏది మంటకు ఎదురుగా ఉంది, ఏది చీకటికి ఎదురుగా ఉంది అన్నదే.

గదిలోనూ ఇంతే, మంట ఒక్కటే లేదు. ఒంటికి ఎదురుగా ఉన్న గోడలు, కప్పు, నేల, కిటికీ, వీటి వేడిని ఏది ఎంత మేర మన ముందుందో చూసి సగటు కడితే వచ్చేదాన్ని ఇంజనీర్లు మీన్ రేడియంట్ టెంపరేచర్ అంటారు. గాలి పెద్దగా కదలని గదిలో ఒంటికి తెలిసే వేడి, గాలి ఉష్ణోగ్రతకూ ఈ సగటుకూ దాదాపు నడిమధ్యన ఉంటుంది. గాలి 34 డిగ్రీలు, చుట్టూ తలాల సగటు 40 అయితే మనకు తెలిసేది 37. పేపర్లో పడేది మాత్రం గాలి డిగ్రీ ఒక్కటే. అదీ నీడలో, బయట, చెట్టూ గోడా దూరంగా ఉన్న చోట కొలిచింది.

◆ ఏసీ కూడా గాలి డిగ్రీనే చూస్తుంది. గదిలో గాలి 24కి రాగానే కంప్రెసర్ ఆగుతుంది, లేదా నెమ్మదిస్తుంది. పైన స్లాబు ఇంకా 40 దగ్గర ఉంటే మంచం మీద మనిషికి ఆ 24 తెలియదు. రిమోట్ తీసుకుని 18 చేస్తాడు. స్టార్ లేబులున్న రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2020 జనవరి 1 నుంచి నిబంధన పెట్టింది. మంచి నిబంధనే. కాకపోతే పైఅంతస్తు వాటాలో ఉన్నవాడు బటన్ నొక్కి దాన్ని దాటేస్తాడు, అతణ్ని తప్పుపట్టడానికీ లేదు.

◆ మీ పైకప్పు ఇప్పుడు, ఈ నిమిషంలో, చదరపు మీటరుకు 490 వాట్ల వేడిని విడుదల చేస్తూ ఉండొచ్చు. 40 డిగ్రీల దగ్గర ఉన్న సున్నం వేసిన స్లాబు విడిచే వికిరణం అంత. పన్నెండడుగుల చదరపు గదికి పైకప్పు ఒక్కటే ఆరున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి లాగేయగలిగే వేడి ఐదుంపావు కిలోవాట్లే.

కంగారు పడక్కర్లేదు. 30 డిగ్రీల నేల కూడా చదరపు మీటరుకు 430 వాట్లు పైకి విడుస్తూనే ఉంటుంది. గోడలూ అంతే, మంచమూ అంతే, మనమూ అంతే. ప్రతిదీ ఇస్తుంది, ప్రతిదీ పుచ్చుకుంటుంది. చివరికి మిగిలే తేడానే మనకు వేడిగానో చల్లగానో తెలుస్తుంది. వస్తువు విడిచే వేడి దాని ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుందని 1879లో యోసెఫ్ స్టీఫాన్ కొలతల నుంచి పట్టుకున్నాడు. 1884లో ఆయన శిష్యుడు బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతంతో నిరూపించాడు. ఇక్కడ ఉష్ణోగ్రత అంటే మన సెల్సియస్‌కు 273 కలిపి చూసేది. 40 డిగ్రీలకూ 30 డిగ్రీలకూ విడుదలలో తేడా 60 వాట్లకు అటూఇటుగా మాత్రమే ఉండటానికి కారణం అదే: 313, 303 పక్కపక్క అంకెలే.

◆ ఇక అసలు చిక్కు. స్లాబు విడిచే వేడిలో నేలకెంత, తూర్పు గోడకెంత, కిటికీకెంత? ఏ తలం నుంచి చూస్తే ఏ తలం ఎంత మేర కనపడుతుందో అంత. ఈ వాటాకు వ్యూ ఫ్యాక్టర్ అని పేరు. గది పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉంటే పైకప్పు నేలకు ఇచ్చేది ఐదో వంతు, నాలుగు గోడలకూ తలా ఐదో వంతు. నేలే ఎదురుగా ఉంది కదా, దానికే సింహభాగం పోతుందనుకుంటాం. పోదు.

పెట్టె లాంటి గదికి సూత్రాలు పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వంకరటింకర మూలలు, ఏటవాలు కప్పు, మధ్యలో కిటికీ కన్నం ఉన్న గోడ, ఇలాంటి ఏ రెండు చదును తలాలకైనా పనికొచ్చే కచ్చితమైన సూత్రం మాత్రం చాలాకాలం దొరకలేదు. లాంబర్ట్ 1760లో వెలుగు కొలతల గురించి రాసిన 'ఫోటోమెట్రియా'లోనే ఈ రకం ప్రశ్నలు మొదలయ్యాయి. జవాబు వచ్చింది 1993లో. ఇచ్చినవాళ్లు ఉష్ణశాస్త్రజ్ఞులు కాదు, కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్లు: పీటర్ ష్రోడర్, పాట్ హన్రహన్.

వాళ్లకెందుకు అంటారా? తెర మీద గది బొమ్మ గీస్తే ఎర్ర గోడ పక్కనున్న తెల్ల గోడ మీద ఎర్ర ఛాయ పడాలి, లేకపోతే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. ఏ గోడ ఏ గోడను ఎంత చూస్తుందో తెలిస్తే తప్ప ఆ ఛాయ లెక్కకు రాదు. అందుకని 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉష్ణ ఇంజనీర్ల పద్ధతినే అరువు తెచ్చుకుని గ్రాఫిక్స్‌కు వాడారు. తొమ్మిదేళ్లకు వడ్డీతో సహా తీర్చేసినట్టయింది.

◆ ఆరు తలాల గదిలో ఒకదాన్నొకటి చూసుకునే జతలు 15. రెండు తలుపులు, రెండు కిటికీలు కలిపితే తలాలు పది, జతలు 45. తలాలు వంద అయితే జతలు 4,950. ఏడాదికి 8,760 గంటలు. పది నిమిషాలకోసారి లెక్క వేస్తే 52,560 సార్లు. పాతకాలం కంప్యూటర్లకు ఇది తలకు మించిన పని. 1980 ప్రాంతంలో జార్జ్ వాల్టన్, జె. ఎ. కరోల్ లాంటివాళ్లు ఒక అడ్డదారి కనిపెట్టారు. తలాలు ఒకదానితో ఒకటి నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం మానేసి, గది మధ్యలో ఉన్నట్టు ఊహించుకున్న ఒక బిందువుతో మాత్రమే లావాదేవీ పెట్టుకుంటాయి. వంద తలాలకు వంద లెక్కలు చాలు. పెట్టె లాంటి గదుల్లో దీని జవాబు అసలు జవాబుకు దగ్గరగానే ఉంటుంది.

◆ ఎనర్జీప్లస్ మామూలుగా ఈ అడ్డదారి తొక్కదు. ఎం.ఐ.టి. ఆచార్యుడు హోయ్ట్ హాటెల్ పారిశ్రామిక కొలిమిల కోసం కట్టిన పద్ధతిని తెచ్చి, మన పడకగదిలో ప్రతి జతకూ విడివిడిగా వేడి మార్పిడి కడుతుంది.

అయితే అంత నిక్కచ్చి ప్రోగ్రాం కూడా ఒకచోట సర్దుకుపోతుంది. గది లోపలి వ్యూ ఫ్యాక్టర్లను మామూలుగా అది కచ్చితంగా లెక్కించదు. తలాల వైశాల్యాన్ని బట్టి ఉజ్జాయింపుగా పంచుతుంది. ఒకే దిక్కుకు ముఖం పెట్టిన గోడలు ఒకదాన్నొకటి చూడవు, మిగతావి చూస్తాయి. తర్వాత మొత్తం ఒకటికి సరిపోయేలా, ఇచ్చిపుచ్చుకోలు పొంతన కుదిరేలా దిద్దుకుంటుంది. బద్ధకం కాదిది. గదిలో బీరువా ఉంది, మంచం ఉంది, దండెం మీద బట్టలున్నాయి. అవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో నమూనా గీసేవాడికి తెలియనప్పుడు ఖాళీ గదికి ఆరు దశాంశ స్థానాల వరకూ వ్యూ ఫ్యాక్టర్ కట్టి ఏం లాభం? నాకైతే ఆ ప్రోగ్రాంలో నచ్చిన భాగం ఇదే.

◆ కోనసీమలో, గోదావరి రెండు ఒడ్డులా, మిగిలిన కొద్ది మండువా లోగిళ్లలో నడవ మధ్య ఆకాశానికి తెరిచిన చోటు ఉంటుంది. దాన్నీ ఈ వ్యూ ఫ్యాక్టర్ కొలబద్దతోనే చూడొచ్చు. మండువా ఒక్కో వైపు 16 అడుగులు, చూరు ఎత్తు 8 అడుగులు అనుకుంటే నేల చూపులో ఆకాశం వాటా 41 శాతం. అదే చూరు 16 అడుగుల ఎత్తుకు లేపితే 20 శాతానికి పడిపోతుంది. మండువా పెంకు లోపలికి బాగా కిందికి వాలి ఉండటం వానకోసమే అనుకుంటాం; రాత్రి నేలకు ఆకాశం ఎక్కువ కనపడి చల్లబడటానికీ అది కలిసొస్తుంది.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో గాలి కోసమని వదిలే డక్టును చూడండి. నాలుగడుగుల చదరం, యాభై అడుగుల లోతు. అడుగున ఉన్న నేలకు కనపడే ఆకాశం వెయ్యిలో రెండు వంతులు. మిగతా 998 వంతులూ పక్క ఫ్లాట్ల గోడలే.

◆ శీతాకాలం తెల్లవారుజామున ఆరుబయట పెట్టిన స్కూటర్ సీటు తడిసి ముద్దవుతుంది. పక్కనే వేపచెట్టు కింద పెట్టిన స్కూటర్ సీటు పొడిగా ఉంటుంది. గాలి ఒకటే, తేమ ఒకటే. ఒకటి ఆకాశాన్ని చూసింది, రెండోది ఆకులను చూసింది.

◆ అదే ఆకాశం సంగతి. నిర్మలమైన రాత్రి ఆకాశం గాలి కంటే చల్లన. ఎంత చల్లన అన్నది గాలిలో తేమను బట్టి ఉంటుంది, ఎందుకంటే నీటి ఆవిరి కూడా పరారుణ కిరణాలను కిందికి విడుస్తుంది. 1978లో క్లార్క్, అలెన్ ఇచ్చిన సూత్రాన్ని ఎనర్జీప్లస్ వాడుతుంది. దాని ప్రకారం గాలి 30 డిగ్రీలు, మంచు బిందువు (గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 26 అయితే, అంటే మన గోదావరి తీరం ఉక్కపోత రాత్రి, ఆకాశం 18, 19 డిగ్రీల మధ్య ఉన్నట్టు లెక్క. అదే గాలి 30, మంచు బిందువు 10 అయితే, అనంతపురం వైపు పొడి రాత్రి అనుకోండి, ఆకాశం 15కి దిగుతుంది. 35 డిగ్రీల డాబా చదరపు మీటరుకు ఇక్కడ 90 వాట్లు పోగొట్టుకుంటే అక్కడ 110 వాట్లు పోగొట్టుకుంటుంది. మబ్బు కమ్మితే మనకు ఆ 90లోనూ కోతే. పగలు రాయలసీమలోనే ఎండ ఎక్కువ అయినా రాత్రి నిద్ర అక్కడే మేలు అనేవాళ్ల మాటలో ఈ ఇరవై వాట్ల పాత్ర కొంత ఉంది.

◆ సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, ఆరాక పక్కలు వేసుకోవడం మన దగ్గర నిన్నమొన్నటి దాకా ప్రతి ఇంటి పని. పదిహేను లీటర్ల బకెట్టు నీళ్లు పూర్తిగా ఆవిరైతే పట్టుకుపోయే వేడి దాదాపు 10 యూనిట్ల కరెంటుకు సమానం. వెయ్యి చదరపు అడుగుల డాబా, ఐదంగుళాల స్లాబు అనుకుంటే, ఒక్క బకెట్టు మొత్తం స్లాబును డిగ్రీన్నర దించుతుంది. నాలుగు బకెట్లు పోసి ఆరు డిగ్రీలు దించిన తాతలు లెక్క చూసి పోయలేదు కానీ, లెక్క వాళ్ల వైపే ఉంది. నీళ్లు ఆవిరవ్వాలి సుమా! తూములోంచి జారిపోయిన నీళ్లు ఈ ఖాతాలోకి రావు.

◆ సున్నం తెల్లగా ఉంటుందని మనకు తెలుసు. పరారుణంలో చూస్తే అదే సున్నం బొగ్గంత నలుపు. ఎండలోని వెలుగులో 70 శాతానికి పైగా తిప్పికొట్టే తెల్ల పూత, వేడిని వికిరణంగా విడవడంలో మాత్రం నల్ల పూతకు ఏమాత్రం తీసిపోదు. పూర్తి విడుదలను ఒకటి అనుకుంటే, ఎమిసివిటీ అనే ఈ విడిచే గుణం రెంటికీ 0.9 చుట్టుపక్కలే. డాబాకు కావాల్సింది సరిగ్గా ఈ జోడింపే: పగలు ఎండను వద్దనాలి, రాత్రి లోపలి వేడిని ఆకాశానికి విడవాలి.

కొత్త జింకు రేకు దీనికి పూర్తిగా ఎదురు. చూడ్డానికి తళతళలాడుతుంది, ఎండను కొంత తిప్పికొడుతుంది. కానీ దాని ఎమిసివిటీ 0.2, 0.3 దగ్గర ఉంటుంది కాబట్టి మింగిన వేడిని విడవలేదు, కాగిపోతుంది. తుప్పు పట్టాక వేడిని బాగానే విడుస్తుంది, కానీ అప్పటికి ఎండను తిప్పికొట్టే గుణం పోతుంది. తాటాకు కప్పు దారి వేరు. వేడిని తనలోంచి పోనివ్వదు కనుక దాని అడుగు భాగం గాలి కంటే పెద్దగా వేడెక్కదు. పడుకున్నవాడికి పైనుంచి సెగ ఉండదు. బంగళా పెంకు మధ్యాహ్నం కాగినా, పలుచన కనుక పొద్దు వాలగానే చల్లారుతుంది. స్లాబు ఒక్కటే మధ్యాహ్నపు ఎండను మూడు నాలుగు గంటలు ఆలస్యంగా మనం ఇంటికి చేరే వేళకు అందిస్తుంది.

◆ రాజమహేంద్రవరం నుంచి సామర్లకోట వైపు వెళ్తే అనపర్తి చుట్టుపక్కల కోళ్ల షెడ్లు వరసగా కనపడతాయి. రోహిణి కార్తె వచ్చిందంటే రైతుకు నిద్రుండదు. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడే 41 డిగ్రీలు. మధ్యాహ్నం రెండింటికి షెడ్డులోకి వెళ్తే కోళ్లన్నీ ముక్కులు తెరిచి, గొంతు కిందిచర్మం టపటపలాడిస్తూ, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుని కనపడతాయి. గాలి ఆడుతూనే ఉంటుంది, పక్కల గోడల్లేవు, వల ఒక్కటే. అయినా పైనున్న సిమెంటు రేకు 60 డిగ్రీలకు చేరితే, ఆ రేకు కంట పడిన ప్రతి కోడీ దాని సెగ తిన్నట్టే.

ఎంత సెగ? 60 డిగ్రీల రేకు, దానికి ఎదురుగా 35 డిగ్రీల తలం, రెండూ విశాలంగా ఎదురెదురుగా ఉన్నాయనుకుంటే చదరపు మీటరుకు 150 వాట్ల పైచిలుకు దిగుతుంది. ఆ రేకు అడుగున తళతళలాడే అల్యూమినియం రేకు అతికిస్తే? దాని ఎమిసివిటీ 0.05. దిగేది 10 వాట్ల లోపే. అంగుళం మందం కూడా అక్కర్లేదు, కాగితమంత పలుచనిది చాలు. ఆ అల్యూమినియం కూడా 60 డిగ్రీలకు వేడెక్కే ఉంటుంది, చెయ్యి పెడితే కాలుతుంది. కానీ వేడిని విడవడం దానికి చేతకాదు. మెరిసే వైపు కిందికి ఉండాలి. పైకి ఉంటే దుమ్ము పేరుకుని కొన్నాళ్లకు మామూలు రేకైపోతుంది. కోళ్ల షెడ్డులో అమోనియా, తేమ, ఈగల మరకలు ఉంటాయి కనుక కింది వైపు మెరుపు కూడా ఎల్లకాలం నిలవదు, అప్పుడప్పుడు తుడవాల్సిందే.

అందుకే చాలామంది రైతులు రేకు మీద వరిగడ్డి, కొబ్బరాకు పరిచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టుకుంటారు, ఎండ ముదరకముందే మేత వేసేసి మధ్యాహ్నం ఆపేస్తారు, షెడ్డు పొడుగును తూర్పు పడమరలకు పెట్టుకుంటారు. ఇవన్నీ పైకప్పు అడుగు భాగాన్ని చల్లబరచడమో, కోడి కడుపులో పుట్టే వేడిని తగ్గించడమో, పక్కనుంచి ఎండ కొట్టకుండా ఆపడమో. ఏ ప్రోగ్రామూ చూడకుండానే ఆ మూడు లెక్కలూ సరిగ్గా కుదిరాయి.

◆ పైకప్పు గురించి మన దేశంలో నియమం ఉంది. ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు గుండా దిగే వేడి, ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదు. ఏ అదనపు పొరా లేని ఐదంగుళాల స్లాబుకు ఆ అంకె 3 దాటుతుంది. ఈ అంకెలో ఒక మెలిక ఉంది. కప్పు లోపలి వైపు నుంచి గదికి చేరే వేడిలో గాలి వాటా, వికిరణం వాటా కలిపి ఒకే మూటగా కట్టేస్తారు. డిఓఈ-2 లాంటి పాత ప్రోగ్రాములూ ఇలాగే కట్టేవి. మామూలు సున్నం గోడలకు పరవాలేదు. అల్యూమినియం పూత లాంటిది వచ్చినప్పుడు మూట విప్పి విడివిడిగా చూడకపోతే అసలు లాభం కనపడదు.

◆ కిటికీ అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, గోడలు తిరిగి విడిచే పరారుణాన్ని బయటికి పోనివ్వదు. తానే మింగి, వేడెక్కి, కొంత లోపలికీ కొంత బయటికీ పంచుతుంది. మధ్యాహ్నం రెండింటికి లోపలికొచ్చిన ఎండ ఏసీకి బరువయ్యేది సాయంత్రం ఐదు, ఆరుకి. అప్పటిదాకా నేలలో, గోడల్లో దాక్కుంటుంది. ఏసీ కొట్టువాళ్లు చదరపు అడుగులు చూసి టన్నులు చెప్పేస్తే ఈ ఆలస్యం ఎక్కడా లెక్కకు రాదు.

◆ తెల్ల పూత లాభాన్ని తెలుగునేల మీదే కొలిచారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల కలిసి హైదరాబాద్ ప్రాంతపు వాణిజ్య భవనాల మీద చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. నల్లటి పైకప్పును తెల్లగా చేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు పైకప్పును చేస్తే 13, 14 యూనిట్లు మిగిలాయి. అవి ఏసీ నడిచే భవనాలు. మన ఇళ్లకు ఆ అంకెను అలాగే అతికించకూడదు. తెలంగాణ 2023లో ఐదేళ్ల కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. కోస్తాలో మనకు అదనపు పేచీ ఒకటుంది: ఒక్క వానాకాలానికే డాబా మీద పాకుడు పట్టి తెలుపు కాస్తా నలుపెక్కుతుంది. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందే, కడిగి మళ్లీ పూయాలి.

◆ పైకప్పు నుంచి వికిరణం దిగే ఈ సూత్రాన్నే తిరగేసి చల్లదనానికి వాడిన భవనం హైదరాబాద్ శివారు పోచారంలో, ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఉంది. 2011లో వాడకంలోకి వచ్చింది. భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టారు. ఒక సగానికి మామూలుగా చల్లగాలి పంపే ఏసీ. రెండో సగంలో స్లాబులోనే గొట్టాలు పెట్టి చల్లని నీళ్లు తిప్పుతారు. పైకప్పు చల్లగా ఉంటుంది, కింద కూర్చున్నవాళ్ల ఒంటి వేడి దాని వైపు పోతుంది. రెండు సగాలనూ చల్లబరచడానికి అయిన కరెంటు విడివిడిగా కొలిచి చూస్తే, చల్లని స్లాబున్న సగం 34 శాతం తక్కువ వాడింది.

రాజమహేంద్రవరంలో ఇది చేయొచ్చా? చేయొచ్చు, కిటికీలు మూసుకుంటే. మన మంచు బిందువు 26 చుట్టూ తిరిగే రోజుల్లో స్లాబును 20 డిగ్రీలకు చల్లబరిస్తే దాని అడుగున నీటి చుక్కలు పట్టి తల మీద పడతాయి. గాలిలో తేమ ముందు తీసేయాలి, ఆ పొడి గాలి బయటికి పోకుండా కాపాడుకోవాలి. పోచారంలోనూ బయటి గాలి తేమ తీయడానికి విడిగా యంత్రం పెట్టారు. అక్కడి కంటే ఇక్కడ ఆ యంత్రానికి పని ఎక్కువ.

◆ పైకప్పు, గోడల సెగను ఇంట్లో కొలవాలంటే ఖరీదైన పరికరం అక్కర్లేదు. 1930ల్లో ఇంగ్లండ్‌లో హెచ్. ఎం. వెర్నన్ పదిహేను సెంటీమీటర్ల రాగి బంతికి నల్లరంగు పూసి, లోపల థర్మామీటరు దూర్చి గ్లోబ్ థర్మామీటరు తయారుచేశాడు. ఇప్పుడు పరిశోధకులు చాలాచోట్ల 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతితోనే పని కానిచ్చేస్తున్నారు. బంతికి మెరుపు లేని నల్లరంగు పూయండి, చిన్న కన్నం చేసి వైరు చివర ఉండే డిజిటల్ థర్మామీటరు మొన మధ్యదాకా పోనిచ్చి అతికించండి, మంచం ఎత్తున వేలాడదీయండి. పక్కనే మరో మామూలు థర్మామీటరు పెట్టండి. ఫ్యాను ఆపి అరగంట తర్వాత రెండూ చూడండి. బంతి ఎక్కువ చూపిస్తే ఆ ఎక్కువంతా గోడలదీ కప్పుదీ. ఆ తేడాను డాబాకు సున్నం వేయకముందు ఒకసారి, వేశాక ఎండ అంతే ఉన్న మరో రోజు అదే వేళకు ఒకసారి రాసుకుంటే, సున్నంతో ఇల్లు చల్లబడుతుందని మేస్త్రి చెప్పే మాట ఎంతవరకు నిజమో తేలిపోతుంది.